నెట్‌వర్క్ నోడ్ డైరీ: ప్యాకెట్టు ఎక్కడ ఆగింది?

మొదటి రోజు, సోమవారం

మా ఇంజనీరింగ్ కళాశాలలో వాడకం నుంచి తప్పించిన మూడు సర్వర్లతో విద్యార్థుల ల్యాబ్ కోసం ఒక చిన్న క్లౌడ్ కట్టే పని నాకు అప్పగించి నెల కావస్తున్నది. ఉబుంటు 24.04 మీద, దానితోపాటే వచ్చే, సొంత క్లౌడ్ కట్టుకోవడానికి పనికొచ్చే ఓపెన్‌స్టాక్ సాఫ్ట్‌వేర్ 2024.1 విడుదలను ఎంచుకున్నాను. అన్నిటినీ నియంత్రించే మొదటి సర్వర్, అంటే కంట్రోలర్ మీద గుర్తింపు చూసే కీస్టోన్, ఇమేజీలు దాచే గ్లాన్స్, వనరుల లెక్క చూసే ప్లేస్‌మెంట్, వర్చువల్ మెషీన్లను నడిపే నోవా గత వారానికే సిద్ధమయ్యాయి. ఆ మెషీన్లు నడిచే రెండో సర్వర్, అంటే కంప్యూట్ నోడ్ కూడా నోవా జాబితాలోకి చేరింది. ఇక మిగిలినది మూడో యంత్రాన్ని నెట్‌వర్క్ నోడ్‌గా మలచి, నెట్‌వర్కు పని చూసే న్యూట్రాన్ సేవలను నిలబెట్టడం. ఈ డైరీ ఆ భాగానికే పరిమితం.

న్యూట్రాన్‌కు మొదట పెట్టిన పేరు క్వాంటమ్. ఆ పేరు మీద అప్పటికే వేరొక కంపెనీకి ట్రేడ్‌మార్కు ఉండటంతో 2013లో మార్చారు. పాత వ్యాసాలలో క్వాంటమ్ అన్న మాట కనబడితే అది ఇదేనని గ్రహించాలి గానీ, అంత పాత వ్యాసంలోని ఆదేశాలను మాత్రం నమ్మి వాడకూడదు.

ఈ రోజంతా తీగలు, కాగితం, పెన్సిలుతోనే గడిచింది. ప్రతి యంత్రానికీ రెండేసి నెట్‌వర్క్ కార్డులు ఉన్నాయి. ఈఎన్‌ఓ1 అనే మొదటి కార్డును నిర్వహణకూ, నోడ్‌ల మధ్య వర్చువల్ మెషీన్ల ప్యాకెట్లను చేరవేసే టనెళ్లకూ కేటాయించి, దానికి 10.0.0.0/24 పరిధిలో చిరునామాలు ఇచ్చాను: కంట్రోలర్‌కు 11, నెట్‌వర్క్ నోడ్‌కు 21, కంప్యూట్ నోడ్‌కు 31. ఈఎన్‌ఓ2 అనే రెండో కార్డును నెట్‌వర్క్ నోడ్‌లో మాత్రమే కళాశాల నెట్‌వర్కుకు కలిపాను. దానికి ఐపీ చిరునామా ఏదీ ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా, ఎందుకంటే అది వర్చువల్ మెషీన్ల రాకపోకలకు ద్వారమే తప్ప ఈ యంత్రానికి సొంత దారి కాదు. కళాశాల నెట్‌వర్క్ విభాగం వారు 10.20.5.101 నుంచి 10.20.5.130 వరకు ముప్పై చిరునామాలు రాసి ఇచ్చారు.

రెండు నిర్ణయాలు ఇక్కడే నమోదు చేస్తున్నాను. కొత్తగా కట్టేవారు ఇప్పుడు ఎక్కువగా ఓవీఎన్ అనే కొత్త నెట్‌వర్కు పద్ధతి వైపు మొగ్గుతున్నారు; అయినా నేను ఓపెన్ వీస్విచ్ (సాఫ్ట్‌వేర్ స్విచ్చు) ఏజెంటు, రూటర్లను నడిపే ఎల్3 ఏజెంటు, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఏజెంటు, మెషీన్లకు వాటి వివరాలు అందించే మెటాడేటా ఏజెంటు ఉండే పాత పద్ధతినే ఎంచుకున్నాను. ఇది బోధన కోసం కడుతున్న క్లౌడ్. ఈ పద్ధతిలో ప్రతి రూటరూ నెట్‌వర్క్ నోడ్ మీద ఒక నేమ్‌స్పేస్‌గా, అంటే విడిగా వేరు చేసిన నెట్‌వర్కు గదిగా కనిపిస్తుంది, విద్యార్థి దాని లోపలికి వెళ్లి ప్యాకెట్లను వడకట్టే, మళ్లించే ఐపీటేబుల్స్ నియమాలను తన కళ్లతో చదవగలడు. రెండవది, బృందాల నెట్‌వర్కులను వేరు చేయడానికి స్విచ్చు మీద సంఖ్యలతో విడదీసే వీల్యాన్‌కు బదులు, ప్యాకెట్టుకు తొడుగు వేసి టనెల్‌లో పంపే వీఎక్స్‌ల్యాన్ తీసుకున్నాను. వీల్యాన్ సంఖ్యకు 12 బిట్లే ఉంటాయి కాబట్టి 4,094 నెట్‌వర్కులకు మించి పెట్టలేము, వీఎక్స్‌ల్యాన్‌కు 24 బిట్లు ఉండటం వల్ల కోటిన్నరకు పైగా పెట్టవచ్చు అని పుస్తకాలు కారణం చెబుతాయి. ఆరు బృందాలున్న మాకు ఆ లెక్కతో పని లేదు. మా అలమరలోని స్విచ్చు వీల్యాన్ అంటే ఏమిటో తెలియని రకం, అదొక్కటే అసలు కారణం.

రెండవ రోజు, మంగళవారం

కంట్రోలర్ మీద న్యూట్రాన్ సర్వర్ భాగం పూర్తయింది. డేటాబేసు, కీస్టోన్‌లో వాడుకరి, సేవ నమోదు, 9696 పోర్టు మీద మూడు ఎండ్‌పాయింట్లు (సేవ దొరికే చిరునామాలు), నెట్‌వర్కు రకాలను ఎంచుకునే ఎంఎల్2 ప్లగిన్ అమరిక అన్నీ పత్రాలలో చెప్పినట్టే నడిచాయి. రాసుకోదగ్గ విశేషమేమీ లేదు.

మూడవ రోజు, బుధవారం

ఈ రోజు తప్పు పూర్తిగా నాదే.

నెట్‌వర్క్ నోడ్ మీద ఏజెంట్లను సాయంత్రానికే స్థాపించాను. ఓపెన్ వీస్విచ్ పద్ధతిలో మూడు బ్రిడ్జిలు, అంటే సాఫ్ట్‌వేర్ స్విచ్చులు ఉంటాయి: లోపలి తీగలన్నీ వచ్చి చేరే బీఆర్-ఇంట్, ఇతర నోడ్‌లకు టనెళ్లు వేసే బీఆర్-టన్, బయటి నెట్‌వర్కుకు తలుపుగా ఉండే బీఆర్-ఎక్స్. మొదటి రెండింటిని ఏజెంటు తానే సృష్టించుకుంటుంది. మూడవ దానిని మనమే సృష్టించి, బయటి కార్డును అందులో పోర్టుగా చేర్చాలి. ఆ ఒక్క ఆదేశం మిగిలి ఉండగా ఇంటికి వచ్చేశాను. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటి నుంచి లోనికి వెళ్లి ఆ ఆదేశం ఇచ్చాను. ఈఎన్‌ఓ2 అని రాయవలసిన చోట ఈఎన్‌ఓ1 అని రాశాను.

ఎంటర్ నొక్కిన తరువాత తెర మీద ప్రాంప్టు తిరిగి రాలేదు. ఒక కార్డును బ్రిడ్జిలో చేర్చిన క్షణం నుంచి దానికి వచ్చే ఫ్రేములన్నీ ఓపెన్ వీస్విచ్ చేతికి పోతాయి. కార్డు మీద ఐపీ చిరునామా అలాగే కనిపిస్తున్నా దాని దగ్గరికి ఏ ప్యాకెట్టూ చేరదు. నేను లోనికి వెళ్లిన దారినే నేను మూసివేశాను.

ల్యాబ్ పక్కనే నివాసం ఉండే మా సహాయకుడికి ఫోన్ చేసి సర్వర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయమని కోరాను. పది నిమిషాలకు ఆయనే తిరిగి ఫోన్ చేశారు.

“ఆపి ఆన్ చేశాను సార్. లైట్లన్నీ వెలుగుతున్నాయి.”

“లైట్లు వెలుగుతున్నా తలుపు తెరుచుకోవడం లేదండి. ఇక వదిలేయండి, పొద్దున నేనే వస్తాను.”

రీబూట్ చేస్తే తొలగిపోతుందనుకోవడం నా రెండవ తప్పు. ఓపెన్ వీస్విచ్ తన అమరికను డిస్కు మీద సొంత డేటాబేసులో దాచుకుంటుంది కాబట్టి, యంత్రం లేవగానే అదే కార్డును అదే బ్రిడ్జిలో శ్రద్ధగా మళ్లీ చేర్చుకుంది. ఉదయం ఏడున్నరకు మానిటర్, కీబోర్డు మోసుకుని వెళ్లి, సర్వర్ ముందు నిలబడే ఆ పోర్టును తొలగించి, సరైన కార్డును చేర్చాను. మొత్తం నలభై సెకన్ల పని.

ఇకపై దూరం నుంచి నెట్‌వర్కును ముట్టుకునే ప్రతి ఆదేశానికీ ముందు, ఐదు నిమిషాల తరువాత దానిని వెనక్కి తిప్పే ఆదేశాన్ని నేపథ్యంలో నడిపి ఉంచుతాను. అంతా సవ్యంగా ఉంటే దానిని రద్దు చేస్తాను, లేకపోతే అదే నన్ను లోనికి రానిస్తుంది.

నాలుగవ రోజు, గురువారం

ఏజెంట్ల జాబితాలో ఐదు వరుసలు రావాలి: నెట్‌వర్క్ నోడ్ నుంచి నాలుగు, కంప్యూట్ నోడ్ నుంచి ఓపెన్ వీస్విచ్ ఏజెంటు ఒకటి. కంప్యూట్ నోడ్‌ది మాత్రమే వచ్చింది. యంత్రం మీద సేవలను నడిపే సిస్టమ్‌డీని అడిగితే నెట్‌వర్క్ నోడ్ మీది సేవలన్నీ నడుస్తున్నాయనే చెబుతున్నది. నడుస్తున్న మాట నిజమే గానీ, వాటి మాట సర్వర్‌కు చేరడం లేదు.

ఏజెంట్లూ సర్వరూ రాబిట్ఎంక్యూ అనే సందేశ వ్యవస్థ ద్వారా మాట్లాడుకుంటాయి. దాని చిరునామాను, వాడుకరి పేరును, పాస్‌వర్డును ఒకే వరుసలో యూఆర్ఎల్ రూపంలో రాయాలి. మా పాస్‌వర్డులో ఒక @ గుర్తు ఉన్నది. యూఆర్ఎల్‌లో ఆ గుర్తు వాడుకరి వివరాలు ముగిసి హోస్టు పేరు మొదలయ్యే చోటును సూచిస్తుంది కాబట్టి, పాస్‌వర్డులోని రెండో సగమూ కంట్రోలర్ పేరూ కలిసి లోకంలో లేని ఒక హోస్టుగా మారాయి. లాగ్‌లో ఆ వింత హోస్టు పేరు ఎదురైనప్పుడు మా పాస్‌వర్డు తోక నన్ను చూసి నవ్వినట్టు అనిపించింది. ఆ గుర్తును %40 అని మార్చి రాసి, సేవలను పునఃప్రారంభించగానే ఐదు వరుసలూ వచ్చాయి. విచిత్రమేమిటంటే మూడు వారాల క్రితం కంట్రోలర్ మీద ఇదే వరుసను నేను సరిగానే రాశాను. ఎందుకలా రాశానో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

ఆ జాబితాను ఎంత వరకు నమ్మవచ్చో కూడా పరీక్షించాను. డిఫాల్టు అమరికలో ఏజెంటు 30 సెకన్లకు ఒకసారి తాను బతికి ఉన్నానని కబురు పంపుతుంది. 75 సెకన్లు కబురు అందకపోతేనే సర్వర్ దానిని చనిపోయినట్టు లెక్క వేస్తుంది. డీహెచ్‌సీపీ ఏజెంటును కావాలని ఆపి చూస్తే, జాబితాలో అది మరో నిమిషానికి పైగా ఆరోగ్యంగానే కనిపించింది.

ఐదవ రోజు, శుక్రవారం

బయటి నెట్‌వర్కును, పరీక్ష కోసం 172.16.1.0/24 పరిధితో ఒక లోపలి నెట్‌వర్కును, రెండింటినీ కలిపే ఒక రూటరును సృష్టించి, సిర్రాస్ అనే చిన్న పరీక్ష ఇమేజీతో తొలి వర్చువల్ మెషీన్‌ను లేపాను. నోవా దానిని యాక్టివ్ అని ప్రకటించింది, న్యూట్రాన్ 172.16.1.57 చిరునామా కేటాయించినట్టు చూపింది. కన్సోల్ తెరిచి చూస్తే మెషీన్ మాత్రం డీహెచ్‌సీపీ కోసం మూడు సార్లు అరిచి, చిరునామా దొరకలేదని చేతులెత్తేసింది. న్యూట్రాన్ చూపిన చిరునామా కాగితం మీద కేటాయింపు మాత్రమే. దానిని మెషీన్‌కు అందించవలసినది నెట్‌వర్క్ నోడ్ మీద క్యూడీహెచ్‌సీపీ నేమ్‌స్పేస్‌లో నడిచే డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాము.

ఇక్కడి నుంచి ప్యాకెట్టు వెంట నడవడమే పని. మెషీన్‌కు చెందిన ట్యాప్ (వర్చువల్ తీగ కొస) నుంచి బయలుదేరిన ప్యాకెట్టు కంప్యూట్ నోడ్‌లోని బీఆర్-ఇంట్, బీఆర్-టన్ దాటి, వీఎక్స్‌ల్యాన్ తొడుగు వేసుకుని, యూడీపీ 4789 పోర్టుకు గురిపెట్టి ఈఎన్‌ఓ1 ద్వారా బయటికి రావాలి. అవతల నెట్‌వర్క్ నోడ్‌లో అదే వరుసను తిరగేసి క్యూడీహెచ్‌సీపీ వరకు చేరాలి. ప్రతి కూడలి దగ్గరా, వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ పెట్టి, మెషీన్‌ను మళ్లీ మళ్లీ అరిపించాను. ట్యాప్ దగ్గర ఉన్నది. కంప్యూట్ నోడ్ కార్డు దగ్గర, తొడుగుతో సహా, ఉన్నది. నెట్‌వర్క్ నోడ్ కార్డు దగ్గర కూడా ఉన్నది. నేమ్‌స్పేస్ లోపల లేదు.

చివరి రెండు చోట్ల మధ్య గంటన్నర గడిపాను. బీఆర్-టన్ నియమాలను చదివాను, టనెల్ చిరునామాలను మూడు సార్లు సరిచూశాను; నియమాల పక్కన ఉండే ప్యాకెట్ల లెక్క సున్నా దగ్గర నుంచి కదలడం లేదు. కార్డు వరకు వచ్చిన ప్యాకెట్టు బ్రిడ్జి లోపలికి ఎందుకు రాదు? టీసీపీడంప్ ప్యాకెట్టును చూసేది అది కార్డు నుంచి పైకి వచ్చిన వెంటనే, ఫైర్‌వాల్ నియమాలు దానిని పరిశీలించడానికి ముందే. అంటే టీసీపీడంప్‌లో కనబడింది కాబట్టి యంత్రం దానిని స్వీకరించిందని అనుకోవడానికి వీల్లేదు. ఆ సంగతి తట్టగానే కెర్నల్ లాగ్ తెరిచాను. ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ అడ్డుకున్నట్టు చెప్పే వరుసలు, ప్రతి దానిలోనూ గమ్యం పోర్టు 4789, పుంఖానుపుంఖాలుగా ఉన్నాయి. యంత్రాన్ని మొదట సిద్ధం చేసిన రోజున దూరం నుంచి లోనికి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ తప్ప మిగిలినవన్నీ మూసివేసింది నేనే. రెండు నోడ్‌లలోనూ 10.0.0.0/24 నుంచి మాత్రమే 4789ను అనుమతించాను. మెషీన్ మరుసటి అరుపుకే చిరునామా తీసుకున్నది.

ఆనందం పది నిమిషాలే నిలిచింది. కన్సోల్‌లో 169.254.169.254 దగ్గర ప్రయత్నం విఫలమైందన్న వరుసలు 1/20, 2/20 అంటూ మొదలయ్యాయి. మెషీన్ తన ఎస్ఎస్‌హెచ్ తాళాన్ని, పేరును తెచ్చుకునేది ఆ చిరునామా నుంచే. అక్కడికి వెళ్లే ప్రశ్నను రూటరు నేమ్‌స్పేస్ దారి మళ్లించి హెచ్ఏప్రాక్సీ అనే మధ్యవర్తికి ఇస్తుంది, అది మెటాడేటా ఏజెంటుకు ఇస్తుంది, ఏజెంటు ఒక రహస్య పదంతో సంతకం చేసి కంట్రోలర్ మీద 8775 పోర్టులో ఉన్న నోవాకు పంపుతుంది. ఈసారి వెతకవలసిన అవసరం లేకపోయింది, ఎందుకంటే నోవా నిరాకరించిందనీ, రహస్య పదాలు సరిపోలనప్పుడే సాధారణంగా ఇలా జరుగుతుందనీ ఏజెంటు లాగ్ స్వయంగా చెప్పింది. ఇంత మర్యాదగల లాగ్‌లు అరుదు. కాగితం మీద నా చేతిరాతలోని 6 అంకెను బీ అక్షరంగా చదివి ఎక్కించానని తేలింది. రహస్య పదాలను చేత్తో రాసుకునే అలవాటు ఈ రోజుతో మానేశాను.

ఎనిమిదవ రోజు, సోమవారం

బయటి నుంచి మెషీన్‌ను చేరుకోవడానికి ఇచ్చే ఫ్లోటింగ్ ఐపీలు పనిచేస్తున్నాయి. డిఫాల్టు సెక్యూరిటీ గ్రూపు బయటి నుంచి వచ్చేదంతా ఆపివేస్తుంది కనుక పింగ్‌కూ, 22వ పోర్టుకూ నియమాలు చేర్చాను. ఒక బృందాన్ని పిలిచి ఉబుంటు మెషీన్లు ఇచ్చాను. మధ్యాహ్నానికి ఒక విద్యార్థి వచ్చింది.

“సార్, డాకర్ ఇమేజ్ బాగానే దిగింది. కంటైనర్ లోపల పిప్ ఇన్‌స్టాల్ చేస్తే మాత్రం కదలడం లేదు.”

“పింగ్ వెళ్తోందా?”

“వెళ్తోంది సార్. అదే అర్థం కావడం లేదు.”

మెషీన్ నుంచి అదే చిరునామాకు వెళితే అంతా సవ్యం. దాని లోపల డాకర్ విడిగా నడిపే కంటైనర్ నుంచి వెళితే హెచ్‌టీటీపీఎస్ సంభాషణ మొదలైన చోటే గడ్డకట్టుతున్నది. చిన్న ప్యాకెట్లు పోతూ పెద్దవి ఆగుతున్నాయంటే ఎంటీయూను, అంటే ఒక ప్యాకెట్టుకు ఉన్న గరిష్ఠ పరిమాణాన్ని అనుమానించాలి. వీఎక్స్‌ల్యాన్ తొడుగుకు 50 బైట్లు ఖర్చవుతాయి కాబట్టి, 1500 బైట్ల కార్డు మీద నడిచే లోపలి నెట్‌వర్కుకు మిగిలేది 1450. న్యూట్రాన్ ఆ లెక్క తానే వేసుకుని, డీహెచ్‌సీపీ ద్వారా మెషీన్‌కు చెబుతుంది. అందువల్ల మెషీన్ తాను ఒక్కో టీసీపీ ప్యాకెట్టులో హెడర్ల 40 బైట్లు పోగా 1410 బైట్లు తీసుకోగలనని అవతలి సర్వర్‌కు తెలియజేస్తుంది. డాకర్ తన బ్రిడ్జికి మాత్రం ఎవరినీ అడగకుండా 1500 పెట్టుకుంటుంది, దానితో కంటైనర్ 1460 బైట్లు పంపమని అడుగుతుంది. అవతలి సర్వర్ తన సర్టిఫికెట్టును నిండు ప్యాకెట్లలో పంపుతుంది, అవి మా రూటరు దగ్గరికి వచ్చి టనెల్‌లో పట్టక ఆగిపోతాయి.

నిజానికి ఆ స్థితిలో కూడా కొంప మునగకూడదు, ఎందుకంటే ప్యాకెట్టు పెద్దదైందని రూటరు ఐసీఎంపీ అనే కబుర్ల ప్రోటోకాల్ ద్వారా పంపినవారికి తెలియజేస్తుంది, వారు చిన్నది చేసి మళ్లీ పంపుతారు. ఈఎన్‌ఓ2 మీద టీసీపీడంప్ పెడితే మా రూటరు ఆ కబురు పంపుతూనే ఉన్నది, అవతలి వారు అదే పెద్ద ప్యాకెట్టును మళ్లీ మళ్లీ పంపుతూనే ఉన్నారు. కబురు దారిలో పోతున్నది. నెట్‌వర్క్ విభాగాన్ని అడిగితే, పింగ్ తప్ప మిగతా ఐసీఎంపీ అంతా భద్రత కోసం సరిహద్దు దగ్గర ఆపివేశామని చెప్పారు. ఆ నియమం సడలించమని లిఖితపూర్వకంగా కోరాను. ఈలోగా ఉబుంటు ఇమేజీలోనే డాకర్ అమరిక ఫైలులో ఎంటీయూను 1450గా పెట్టి, విద్యార్థులకు కొత్త ఇమేజీ ఇచ్చాను. పలు కంటైనర్లను కలిపి లేపే డాకర్ కంపోజ్‌తో సృష్టించే నెట్‌వర్కులకు ఆ ఫైలు వర్తించదు, వాటికి కంపోజ్ ఫైలులోనే విడిగా రాయాలి. ఆ వరుసను ల్యాబ్ గోడ మీద అంటించాను.

తనిఖీకి వాడిన కొలత ఒకటి నమోదు చేస్తున్నాను. ముక్కలు చేయవద్దన్న గుర్తుతో 1422 బైట్ల పింగ్ పంపితే, 28 బైట్ల హెడర్లు కలిసి సరిగ్గా 1450 అవుతుంది. మెషీన్ నుంచి 1422 వెళ్లింది, 1423 వెళ్లలేదు. భౌతిక నెట్‌వర్కు ఎంటీయూను 1550కి పెంచగలిగితే లోపల అందరికీ 1500 దక్కి ఈ బాధే ఉండదు గానీ, మా స్విచ్చు పెద్ద ఫ్రేములను మోయదు. కొత్త స్విచ్చు కోసం ప్రతిపాదన పంపాను.

పదవ రోజు, బుధవారం

రీబూట్ పరీక్ష. రూటర్ల, డీహెచ్‌సీపీల నేమ్‌స్పేసులు రీబూట్‌తో చెరిగిపోతాయి, ఏజెంట్లు లేచిన తరువాత డేటాబేసును చూసి మళ్లీ కడతాయి. అంతా తిరిగి వచ్చింది. ఈసారి ఎవరికీ ఫోన్ చేయలేదు.

ఆ తరువాత ఆరు బృందాలకూ ఆరు ప్రాజెక్టులు తెరిచాను. డిఫాల్టు కోటా ప్రకారం ఒక్కో ప్రాజెక్టు పది రూటర్లు, యాభై ఫ్లోటింగ్ ఐపీలు తీసుకోవచ్చు. మాకున్నవి మొత్తం ముప్పై చిరునామాలు. బయటి నెట్‌వర్కుకు కలిపిన ప్రతి రూటరూ ఒక చిరునామా తింటుంది. అందుకని ప్రాజెక్టుకు ఒక రూటరు, నాలుగు ఫ్లోటింగ్ ఐపీలు అని కోటా బిగించాను. రూటర్లకు ఆరు, విద్యార్థులకు ఇరవై నాలుగు, వెరసి ముప్పై. నా పరీక్ష రూటరును కూడా తొలగించేశాను.

ఇరవై మూడు మందికి చిరునామాలు దక్కాయి. ఇరవై నాలుగో విద్యార్థికి ఇక చిరునామాలు లేవన్న సమాధానం వచ్చింది. కాగితం మీద లెక్క మళ్లీ వేశాను, ముప్పైయే. బయటి నెట్‌వర్కు మీది పోర్టుల జాబితా తీయిస్తే ముప్పై ఒకటో యజమాని దొరికాడు: న్యూట్రాన్ సొంత డీహెచ్‌సీపీ పోర్టు. బయటి సబ్‌నెట్ (చిరునామాల పరిధి) సృష్టించిన రోజున డీహెచ్‌సీపీ వద్దని చెప్పడం మరిచిపోయాను, అక్కడ దాని అవసరం ఎవరికీ లేకపోయినా అది ఒక చిరునామా పట్టుకుని కూర్చున్నది. సబ్‌నెట్‌లో డీహెచ్‌సీపీని ఆపివేయగానే ఆ పోర్టు తొలగిపోయింది. ఆ విద్యార్థి ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. మళ్లీ ప్రయత్నించమన్నాను, వచ్చింది.